జర మళ్ళొకసారి ఉరుకు

కిందటి వారం రత్నాకర్‌ను మనం నాంపల్లిలో అతని స్టూడియో గుమ్మంలో, అప్పుడే ఆడిన అబద్ధంతో సహా వదిలేసి వచ్చాం. గౌలిగూడలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే రాంచందర్ మెట్లెక్కి వచ్చి, గోడకున్న పరుగుపందెం ఫోటో ముందు నిలబడి, "ఇండ్ల మా శ్రీనిధి ఏది?" అని ఒకే ఒక్క మాట అడిగాడు. రత్నాకర్ అతని మొహం చూడకుండా, "ఎనకబడ్డదన్నా, ఫ్రేముల పడలే" అన్నాడు. రాంచందర్ చెప్పులు తొడుక్కుని దిగిపోయాడు.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకి ఆ ఫోటో సంగతి చెప్పాలి. రత్నాకర్ పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు. పెళ్ళి ఫోటోగ్రాఫరుకి జారిపోయిన క్షణమంటూ ఏదీ ఉండదు. తాళి కట్టే వేళకి ఏ మేనమామ తలకాయో అడ్డం వస్తే, "అయ్యగారూ జర ఆగుండ్రి, బాబూ, మళ్ళొకసారి కట్టినట్టు చెయ్యి" అంటాడు. పెళ్ళికొడుకు చేస్తాడు. పంతులుగారు మంత్రం ఆపి, తను కూడా ఫ్రేములో పడేలా కాస్త జరుగుతారు. తలంబ్రాలు, అప్పగింతల ఏడుపు, అన్నీ మళ్ళొకసారి జరుగుతాయి. ఎవరూ తప్పు పట్టరు.

ఆ అలవాటును అలాగే భుజాన వేసుకుని అతను పరుగుబాట క్రీడా సంఘం వాళ్ళ పోటీలకి ఫోటోలు తీయడానికి వెళ్ళాడు. అమ్మాయిల వంద మీటర్ల పందెం కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది. అతని పాత కెమెరాలో ముగింపు సరిగ్గా పడలేదు. అతనేమీ కంగారుపడలేదు. పొద్దున ముఖ్య అతిథి కత్తిరించిన రిబ్బను ముక్కలు రెండూ ముడి వేయించి, ముగింపు గీత దగ్గర ఇద్దరి చేత పట్టించి, అనూహ్య అనే అమ్మాయిని పిలిచి, "జర మళ్ళొకసారి ఉరుకు బిడ్డా" అన్నాడు. ఆ పిల్ల ఉరికింది. రిబ్బను ఛాతీకి తగిలి, జుట్టు గాలిలో లేచి, కళ్ళల్లో నిప్పులు. అలాంటి ఫోటో నిజంగా తీసి ఉంటే నేనే నాంపల్లి వెళ్ళి అతనికి చేయి కలిపి వచ్చేదాన్ని.

తర్వాత జరిగినదంతా ఆ ఫోటో పుణ్యమే. చాదర్‌ఘాట్ వంతెన దగ్గర ఫ్లెక్సీ లేచింది. రాష్ట్ర పోటీలకి రత్నాకరే ఫోటోగ్రాఫరని సంఘం నిర్ణయించింది. అనూహ్యకి స్పోర్ట్స్ హాస్టల్లో సీటు దాదాపు ఖాయమైంది. రెండో స్థానం వచ్చిన రాంచందర్ కూతురు శ్రీనిధి మాత్రం తనే ముందు గీత దాటానని ఫిర్యాదు చేసింది. సంఘం వాళ్ళు ఫోటో చూశారు. అందులో అనూహ్య ఒక్కతే ఉంది, వెనకాల దరిదాపుల్లో ఎవరూ లేరు. ఇంత తేడాతో ఓడిపోయి గెలిచానంటుందా అని నవ్వారు. గ్రౌండులో తోటిపిల్లలు ఆ అమ్మాయిని అబద్ధాలకోరని పిలవడం మొదలుపెట్టారు. అందరి ముందూ క్షమాపణ చెప్పకపోతే ఏడాది పాటు ఆమెను పోటీలకి రానివ్వరట. ఆ మీటింగు ఈ సాయంత్రమే, నాంపల్లిలో సంఘం ఆఫీసులో. సాక్ష్యంగా టేబుల్ మీద పెట్టడానికి ఆ ఫోటోను ఫ్రేము కట్టించి పట్టుకురమ్మని రత్నాకర్‌కు చెప్పారు.

అతను ఫ్రేము కట్టించాడు. కాగితంలో చుట్టి చంకలో పెట్టుకుని, మీటింగుకి ఇంకా వేళ ఉంది కదా అని, ఆబిడ్స్‌లో కొత్త కెమెరా చూసుకోవడానికి బయల్దేరాడు. మీకు ఒళ్ళు మండితే మండనివ్వండి, నాకూ మండింది.

ఇంద్రసేన కెమెరాల దుకాణం ఆబిడ్స్‌లో ఒక పాత భవనం మొదటి అంతస్తులో ఉంది. తాతల నాటి వ్యాపారం. మనిషి సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, ఏదో కాలేజీలో పాఠం చెప్పి వచ్చినట్టు ఉంటాడు. ఎవరు వచ్చినా కెమెరా పెట్టె తెరవడు. ముందు చెడిపోయిన ఫోటోలు చూపించమంటాడు. కొత్తగా వచ్చినవాళ్ళు మురిసిపోతూ తమ మంచి ఫోటోలు చూపిస్తే, పక్కకు తోసేస్తాడు. మంచి ఫోటో వెనకాల కెమెరా ఉందో, ఎండ ఉందో, అదృష్టం ఉందో చెప్పలేమనీ, చెడిపోయినది మాత్రం ఏం కావాలో నోరు తెరిచి చెబుతుందనీ అతని నమ్మకం. ఈ పద్ధతికి విసిగి వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు. చాలామంది మళ్ళీ వచ్చారు.

రత్నాకర్ వెంట భాగ్య, ఆమె కూతురు అనూహ్య కూడా వచ్చారు. భాగ్య సుల్తాన్ బజార్‌లో చీరల కొట్టులో పనిచేస్తుంది. యజమానిని అడిగి కాసేపు ముందే బయటపడింది. కదిలే మనిషి మీద కెమెరాను పరీక్షించాలి కాబట్టి అనూహ్య కావాలన్నాడు రత్నాకర్. అక్కడినుంచి ముగ్గురూ కలిసి మీటింగుకి వెళ్ళాలని అనుకున్నారు. భాగ్య అతన్ని అన్నా అంటుంది, అనూహ్యకి అతను మామ. చుట్టరికం ఏమీ లేదు, ఒకే గల్లీలో కిరాయికి ఉండటంతో కలిసిన వరసలు.

రత్నాకర్ వస్తూనే మెగాపిక్సెళ్ళు ఎక్కువ ఉన్నది కావాలన్నాడు. ఫ్లెక్సీకి పెద్దది చేసినా చెదరకూడదు కదా అన్నాడు. ఇంద్రసేన నవ్వి, ఉరికే మనిషికి అది చివరి సంగతి అన్నాడు. తర్వాత ఓపికగా చెప్పుకొచ్చాడు. పరిగెత్తే కాలు చెదరకుండా పడాలంటే షట్టరు సెకనులో వెయ్యో వంతుకి మూసుకోవాలి. అంత తొందరగా మూసుకుంటే వెలుతురు చాలదు, కాబట్టి నోరు పెద్దగా తెరిచే లెన్సు కావాలి. సాయంత్రం పూట గ్రౌండులో అది లేకపోతే ఎంత ఖరీదు కెమెరా అయినా దండగే. అందుకని ముందు లెన్సు ఎంచుకుని, మిగిలినదానితో కెమెరా బాడీ చూసుకోవాలి. మరీ పొడుగు లెన్సులు పోటీల రోజున కిరాయికి తెచ్చుకోవచ్చు. పెళ్ళికూతురు ఫోకస్ కోసం ఆగుతుంది గానీ పరుగు ఆగదు కాబట్టి, ఫోకస్ ఒకసారి మనిషి కంటిని పట్టుకుంటే ఎవరు అడ్డం వచ్చినా వదలకూడదు. గబగబా తీసిన ఫోటోలు కార్డులోకి ఎక్కేదాకా కెమెరా మొరాయించకూడదు.

"నీ కెమెరా మంచిదే రత్నాకర్. పెండ్లికి మంచిది," అన్నాడు ఇంద్రసేన. "నిలవడ్డోళ్ళను తీస్తది."

ఆ మాటకి భాగ్య నవ్వింది. రత్నాకర్ కూడా నవ్వాడు. అనూహ్య నవ్వలేదు. ఆ పిల్ల వచ్చినప్పటినుంచీ కౌంటరు మీదున్న కాగితం చుట్టిన ఫ్రేము వైపే చూస్తోంది. చూసి, మళ్ళీ కిటికీలోంచి రోడ్డు వైపు తిరుగుతోంది.

ఇంద్రసేన అద్దం లేని కొత్త రకం కెమెరా ఒకటి తీసి, దానికి బలమైన లెన్సు తగిలించి, దుకాణం వెనక గల్లీకి తీసుకెళ్ళాడు. అట్టపెట్టెలు దింపుకునే చోటు అది. గల్లీ ఆ చివరినుంచి ఈ చివరికి ఉరకమని అనూహ్యకి చెప్పారు. ఆమె చున్నీ తల్లి చేతికిచ్చి ఉరికింది. రత్నాకర్ కన్ను పెట్టి మీట నొక్కి పట్టుకున్నాడు.

 పిల్ల మొదలుపెట్టిన దగ్గర్నుంచి తనను దాటేదాకా ప్రతి అడుగూ కనిపించింది. పాత కెమెరాలో ఒక్కో ఫోటో పడినప్పుడల్లా లోపలి అద్దం లేచి, కన్ను పెట్టే కిటికీ చీకటయ్యేది. గబగబా తీస్తే చీకటే ఎక్కువ, చూపు తక్కువ. ఇంతకాలం ఆ చీకటిని అతను పట్టించుకోలేదు, పెళ్ళిలో దానితో పనేముంది. ఇప్పుడు తెరమీద చూస్తే ప్రతి ఫోటోలోనూ అనూహ్య కళ్ళు స్పష్టంగా ఉన్నాయి. సంబరం పట్టలేక, వెనక్కి జరిగి, కెమెరా మళ్ళీ కంటికి ఆనించి, "జర మళ్ళొకసారి ఉరుకు బిడ్డా" అన్నాడు.

అనూహ్య కదల్లేదు. ఆయాసం తగ్గేదాకా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "ఇగ ఉరక మామా" అంది.

అలిసిపోయిందేమో అనుకున్నాడు. భాగ్య సర్దిచెప్పబోయింది. ఆ పిల్ల తల్లి చేతిలోంచి చున్నీ తీసుకుని మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. రత్నాకర్‌కి ఎక్కడో ముల్లు దిగినట్టయింది గానీ, ఏ ముల్లో వెతుక్కునే ఓపిక లేదు. వేళ కూడా దగ్గరపడుతోంది.

పైకి వచ్చేసరికి ఇంద్రసేన పాత కెమెరా చేతిలోకి తీసుకున్నాడు. కొత్తదానికి మారుగా దాన్ని ఇస్తానని రత్నాకర్ ముందే ఒప్పుకున్నాడు. ఇంద్రసేన దాన్ని అటూ ఇటూ తిప్పి, మీట నొక్కి చూసి, అందులోని కార్డు బయటికి తీసి, కౌంటరు మీది పెద్ద తెరకు తగిలించాడు. ఖరాబైనవి ఇంకా చూపించలేదుగా అన్నాడు.

 ఆల్బమ్ పెళ్ళివాళ్ళ చేతికి వెళ్ళేదాకా కార్డు తుడవకూడదన్నది పెళ్ళి ఫోటోగ్రాఫర్ల నియమం. పోటీల ఆల్బమ్ ఇంకా సంఘానికి ఇవ్వలేదు. ఆ రోజు తీసినవన్నీ, తీసిన వరసలో, అందులోనే ఉన్నాయి. అవి పాతవి సాబ్, వద్దులెండి అన్నాడు రత్నాకర్. ఆబిడ్స్ అంతా ఎరిగిన తన పద్ధతిని ఇంద్రసేన ఎందుకు వదులుకుంటాడు. అప్పటికే తెర మీద మైదానం వచ్చేసింది. కూతురి పందెం కనబడబోతోందని భాగ్య కుర్చీ ముందుకు జరుపుకుంది.

మొదట అమ్మాయిలు గీత మీద వంగి నిలబడ్డ ఫోటో. తర్వాత ఉరకడం. తర్వాతిది ముగింపు. ఎరుపు మరక ఒకటి, పసుపు మరక ఒకటి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఏది ముందో ఏది వెనకో బ్రహ్మకైనా తెలియదు. ఇంద్రసేన డాక్టరులా తల ఊపాడు. షట్టరు నెమ్మది, అందుకే మనుషులు చెదిరిపోయారు. ఫోకస్ మనుషుల్ని వదిలేసి వెనక్కి వెళ్ళి కూర్చుంది, అందుకే వెనకాల ఉన్నది మాత్రం బ్రహ్మాండంగా పడింది. అంటూ అలవాటు కొద్దీ ఆ వెనకున్నదాన్ని పెద్దది చేశాడు.

గీతకి అవతలి పక్కన టెంటు, దాని కింద టేబులు, టేబులు వెనక కుర్చీలో సంఘం సెక్రటరీ రవిచంద్ర. ఎవరు ముందో తేల్చి చెప్పాల్సిన మనిషి ఆయనే. చెవికి ఫోను ఆనించుకుని, గీతకు వీపు పెట్టి, టెంటు గుమ్మం వైపు తిరిగి నవ్వుతూ ఉన్నాడు. ఆయన చేతి ఉంగరం కూడా స్పష్టంగా పడింది.

 ఇంద్రసేన తర్వాతి ఫోటోకి వెళ్ళాడు. అమ్మాయిలు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నారు. పసుపు బనీను వేసుకున్న శ్రీనిధి కొంచెం దూరంగా, ఎవరికోసమో చూస్తున్నట్టు టేబులు వైపు మొహం తిప్పి ఉంది. తర్వాత ఇద్దరు మనుషులు రిబ్బను ముడి వేస్తున్నారు. తర్వాత ఎర్ర బనీనులో అనూహ్య వెనక్కి నడుస్తోంది. ఆ తర్వాత రిబ్బను ఛాతీకి తగిలిన అనూహ్య, ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోది బాగా వచ్చింది. ఫ్రేములో ఉన్నది అదే. చివరిది రవిచంద్ర. ఫోను జేబులో పెట్టేసుకుని, రిబ్బనుతో నిలబడ్డ అనూహ్యని చూస్తూ అట్ట మీద రాసుకుంటున్నాడు.

ఇంద్రసేన కౌంటరు మీది కాగితం విప్పి ఫ్రేము చూశాడు. రిబ్బను మధ్యలో ముడి ఉంది. ఇంతమంది ఇన్ని రోజులుగా చూసిన ఫోటోలో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తూనే ఉంది. అతను కొత్త కెమెరాకి మూత పెట్టి, లెన్సు విడదీసి, రెంటినీ పెట్టెల్లో సర్దడం మొదలుపెట్టాడు. తిట్టి ఉంటే రత్నాకర్ ఏదో ఒకటి అనేవాడు. ఆ పెట్టెలు మూసుకుంటుంటే అతనికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మళ్ళ ఉరికిచ్చినవా అన్నా?" అని అడిగింది భాగ్య. ఆమెకి ఇంకా పూర్తిగా అర్థం కాలేదు.

ఫోటో కోసమే చెల్లె అన్నాడు రత్నాకర్. మొదటిసారి సరిగ్గా పడలేదనీ, గెలిచింది ఎట్లాగూ అనూహ్యే కాబట్టి మళ్ళీ తీస్తే తప్పేముందనుకున్నాననీ అన్నాడు. పెళ్ళిలో తాళి రెండోసారి పట్టుకుంటే పెళ్ళి అబద్ధమైపోతుందా అని కూడా అన్నాడు. అంటూ సాయం కోసం అనూహ్య వైపు చూశాడు.

అనూహ్య కిటికీ దగ్గర్నుంచి తిరిగింది. "నేను గెలిచిన అని నీకెవరు చెప్పిన్రు మామా?"

ఎవరు చెప్పారు? రత్నాకర్ వెతుక్కున్నాడు. పందెం అయిపోయింది, తెర చూసుకున్నాడు, ఫోటో పోయిందని తెలిసింది, తలెత్తాడు, ఎదురుగా ఈ పిల్ల. ఎవరినీ అడగలేదు. ఫలితం అప్పటికి ఎవరూ చెప్పలేదు. మరి ఈ పిల్లనే ఎందుకు పిలిచాడు? జవాబు అతనికి తెలుసు. తెలుసు కాబట్టే తల పైకి లేవలేదు. పెళ్ళిలో అయితే ఆ చీర మార్చుకో తల్లీ, ఎరుపు మంచిగా పడుతుంది అని రోజూ ఎవరికో ఒకరికి చెప్పే మాటే.

"నాకు కనబళ్ళే బిడ్డా," అన్నాడు.  "లోపట చీకటయింది. నువ్వు దగ్గర నిలవడ్డవ్. ఎర్ర బనీను... ఫోటోల మంచిగ పడ్తదని."

ఇంద్రసేన చేతిలోని పెట్టె అలాగే ఆగింది.

"శ్రీనిధి అడుగే ముందు పడ్డది," అంది అనూహ్య. "నా పక్కకెల్లి పోయింది, నేను చూసిన. నువ్వు పిలిచి రిబ్బను పెట్టేసరికి నేనే గెలిచిన్నేమో అనుకున్న. పెద్దోళ్ళు చూసే ఉంటరు గదా అని. రవిచంద్ర సారు గూడ అది చూసే రాసుకున్నడు. తెల్లారి ఫ్లెక్సీ పెట్టిన్రు. ఇగ ఎట్ల చెప్పాలె?"

ఇన్నాళ్ళూ రత్నాకర్ తన తప్పుకు ఒక కొలత వేసుకుని బతికాడు. జరిగినదాన్నే మళ్ళీ జరిపించి తీశాను, అంతే కదా అన్నది ఆ కొలత. ఇప్పుడు అది చెయ్యి జారిపోయింది. పందేన్ని అతను ఫోటో తీయలేదు, అతని ఫోటోయే పందేన్ని తేల్చింది. చూడని సెక్రటరీ, చూడని ఫోటోగ్రాఫరు కలిసి ఒక పిల్లని గెలిపించి, గెలిచిన పిల్లని అబద్ధాలకోరుని చేశారు. ఆ పిల్ల తండ్రి వచ్చి నా కూతురేదని అడిగితే, వెనకబడ్డది అని తన నోటితోనే చెప్పాడు. ఆ మాట గుర్తొచ్చి అతనికి నేల చీలితే బాగుండుననిపించింది. ఆబిడ్స్ నేల అలాంటి పనులు చేయదు. అతను కుర్చీ అంచు పట్టుకుని నిలబడే ఉన్నాడు.

భాగ్య మాత్రం లేచింది. ఆమె ఏడవలేదు, కూతుర్ని తిట్టలేదు. నేరుగా తెర దగ్గరికి వెళ్ళి కార్డు ఊడబెరికి, కొంగు చివర పెట్టి, గట్టిగా ముడి వేసింది. అది తప్పమ్మా అన్నాడు ఇంద్రసేన. ఆమె వినిపించుకోలేదు.

"నిన్ను ఎవ్వరేమనరన్నా, ఫోటోలోడివి," అంది రత్నాకర్‌తో. "ఇయ్యాల శ్రీనిధిని అబద్ధాలదంటున్నరు. రేపు నా బిడ్డను దొంగంటరు. అది ఉరకమని అడిగిందా? నువ్వంటెనే ఉరికింది. నువ్వు చేసిన దానికి నా బిడ్డ ఎందుకు తల దించుకోవాలె, చెప్పు."

 ఆమె అన్నదాంట్లో తప్పు మాట ఒక్కటీ లేదు. చీరల కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ కూతురి ఫోటో ఫోనులో చూపించుకున్న తల్లి ఆమె. హాస్టల్లో సీటు వస్తే పిల్లకి కడుపు నిండా పాలూ గుడ్లూ, మంచి కోచ్, మంచి బూట్లు దొరుకుతాయని లెక్కలు వేసుకున్న తల్లి.

ఇక్కడ రత్నాకర్ గురించి ఒక మాట దాచకుండా చెప్పాలి. కార్డు ఆమె కొంగులో ముడిపడ్డ ఆ క్షణాన అతనికి హాయిగా అనిపించింది. బరువు దిగినట్టయింది. ఇక సాక్ష్యం లేదు, తను చేయగలిగింది లేదు, తల్లే తీసుకుపోయింది కదా అనుకున్నాడు. అనుకున్న మరుక్షణం తనమీద తనకే అసహ్యం వేసింది. సాక్ష్యం కార్డులో ఒక్కదాన్లోనే ఉందా? రిబ్బను ముడి వేయించిన మనిషి తను. పిలిచిన నోరు తనది. నోరు తెరిచి చెబితే చాలు, ఏ కార్డూ అక్కర్లేదు.

ఈ మాట భాగ్యతో ఎలా అనాలా అని అతను తటపటాయిస్తుండగా, ఇంద్రసేన కిటికీ వైపు చేయి చూపించాడు. కిటికీ దగ్గర అనూహ్య లేదు. తలుపు తెరిచి ఉంది. మెట్ల మీద అడుగుల చప్పుడు అప్పుడే కిందికి దిగిపోయింది.

భాగ్య, రత్నాకర్ ఇద్దరూ రోడ్డు మీదికి వచ్చేసరికి ఆ పిల్ల ఫుట్‌పాత్ మీద నాంపల్లి వైపు ఉరుకుతోంది. చున్నీ నడుముకి బిగించి, పాత పుస్తకాల కుప్పల్నీ, బేరాలాడే మనుషుల్నీ తప్పించుకుంటూ, ఎక్కడా ఆగకుండా ఉరుకుతోంది. భాగ్య గొంతెత్తి పిలిచింది. పిల్ల వెనక్కి చూడలేదు. ఈసారి ఆమెను ఎవరూ ఉరకమనలేదు.

భాగ్య పోయే ఆటోను చేయి అడ్డం పెట్టి ఆపి, నాంపల్లి అని ఎక్కి కూర్చుంది. రత్నాకర్ వైపు చూడనైనా లేదు. కొంగు ముడి పిడికిట్లో ఉంది. ఆ వేళకి ఆబిడ్స్ ట్రాఫిక్ మీకు తెలిసిందే. ఆటో సిగ్నల్ దగ్గర బస్సు వెనక ఇరుక్కుని హారన్ కొడుతుంటే, అనూహ్య అప్పటికే మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

రత్నాకర్ జేబులో ఫోను మోగింది. రవిచంద్ర.

ఎక్కడున్నావు భయ్యా అన్నాడు. అందరూ వచ్చేశారనీ, ఫోటో ఒక్కటే తక్కువనీ అన్నాడు. రాంచందర్ కూతుర్ని తీసుకొచ్చాడనీ, పిల్ల ఒప్పుకుందనీ, ఫోటో టేబుల్ మీద పెట్టగానే అందరిముందూ మాఫీ అడుగుతుందనీ చెప్పాడు. పని చిన్నదే, తొందరగా రా అన్నాడు.

శ్రీనిధి మాఫీ అడుగుతుందట. గెలిచినందుకు. రత్నాకర్ ఆ గదిని ఊహించుకున్నాడు. కుర్చీ చివర కూర్చున్న రాంచందర్‌ని, లేచి నిలబడ్డ పిల్లని, టేబుల్ మీద తన ఫోటోని ఊహించుకున్నాడు. చంక తడుముకున్నాడు. ఫ్రేము లేదు, పైన కౌంటరు మీదే ఉండిపోయింది. పాత కెమెరా కూడా అక్కడే ఉంది. జీవితంలో మొదటిసారి కెమెరా గానీ ఫోటో గానీ చేతిలో లేకుండా రోడ్డు మీద నిలబడి అడిగాడు.

"సార్, పిల్లలు గీత దాటేటప్పుడు మీరు ఫోన్ల ఎవరితోని మాట్లాడుతున్నరు?"

అవతల సందడి వినిపిస్తూనే ఉంది. కుర్చీలు జరుపుతున్న చప్పుడు, ఎవరిదో నవ్వు. రవిచంద్ర కుర్చీలోంచి లేచినట్టున్నాడు, తలుపు దగ్గరికి వేసిన చప్పుడు వినబడి సందడి తగ్గిపోయింది. ఏం ఫోను అని అడుగుతాడనుకున్నాడు రత్నాకర్. నువ్వు చూశావా అని గదమాయిస్తాడనుకున్నాడు. రవిచంద్ర గొంతు బాగా తగ్గించి, ఎప్పుడూ లేనంత మెత్తగా అడిగాడు.

"నేను ఫోన్ల ఉన్న ఫోటో ఇంకెవరెవరు చూసిన్రు?"